మిరప అమ్మి నూనె కొంటే లాభమేనా?
ఎగుమతి పంట వేసే రైతు చూసుకోవలసిన రెండో పద్దు

నరసరావుపేట: పల్నాడు నల్లరేగడిలో పండిన మిరపకాయ ఓడెక్కి చైనాకు, బంగ్లాదేశ్‌కు, థాయిలాండ్‌కు పోతోంది. దానిని పండించిన రైతు ఇంట్లో తాలింపుకు పోసే నూనె ఇండొనేషియా నుంచో, మలేషియా నుంచో, ఉక్రెయిన్, రష్యాల నుంచో వస్తోంది. మన సరుకు దేశం దాటుతుంటే పరాయి సరుకు మన వంటింట్లోకి వస్తున్నదన్నమాట. ఇది మంచిదా, చెడ్డదా అన్న వాదన పల్లెల్లో తరచు వినిపిస్తూనే ఉంది. మన నూనె మనం పండించుకోలేమా అని కొందరు అడుగుతుండగా, మిరపలో వచ్చే డబ్బుతో నూనె కొనుక్కుంటే సరిపోతుంది గదా అని మరికొందరు అంటున్నారు.

రెండు మాటల్లోనూ నిజం ఉంది. అయితే లెక్క తేలాలంటే పెట్టిన పెట్టుబడి, వచ్చిన రాబడి చూసుకుంటే చాలదు. ఆ చేలో మిరప వేసినందువల్ల వేయకుండా వదులుకున్న పంట ఎంత మిగిల్చేదో కూడా పద్దులో రాసుకోవాలి. ఇంటర్మీడియట్ అర్థశాస్త్రం పుస్తకాల్లో దీనినే అవకాశ వ్యయం అంటారు. పేరు పెద్దదైనా విషయం రైతుకు కొత్తది కాదు. ఒక చేలో ఒకే కారులో రెండు పంటలు నిలబడవు. ఒకటి కావాలంటే రెండోది పోతుంది. ఆ పోయిన దాని విలువే మొదటి పంటకు అసలు ఖర్చు.

ఎకరం లెక్క

సులువుగా ఉండేందుకు ఒక ఉదాహరణ చూడవచ్చు. సొంత భూమి, నీటి వసతి ఉన్న రైతు ఎకరంలో మిరప వేసి 20 క్వింటాళ్ల ఎండుకాయ తీశాడనుకుందాం. విత్తనం, మందులు, ఎరువులు, కోత కూలి అన్నీ కలిపి 2,25,000 రూపాయలు అయిందనుకుందాం. క్వింటాలు 20 వేలకు అమ్మితే 4 లక్షలు వస్తాయి. ఖర్చు పోను 1,75,000 మిగులుతుంది.

అదే ఎకరంలో పొద్దుతిరుగుడు వేసి 8 క్వింటాళ్ల గింజ తీసి, క్వింటాలు 7 వేలకు అమ్మితే 56 వేలు వస్తాయి. ఖర్చు 26 వేలు పోతే మిగిలేది 30 వేలు. ఆ గింజలు గానుగాడిస్తే సుమారు 3 క్వింటాళ్ల నూనె వస్తుంది. మిరప రైతు ఆ 3 క్వింటాళ్ల నూనెను అంగట్లో కిలో 140 చొప్పున కొన్నా అయ్యేది 42 వేలే. ఇంకా 1,33,000 చేతిలో ఉంటుంది. అటువంటి ఏడాదిలో నూనె కోసం మిరప మానుకొని పొద్దుతిరుగుడు వేసిన వారు ఆ మేరకు నష్టపోయినట్టే.

ఇప్పుడు రెండో వైపు చూడాలి. ధర పడిపోయి క్వింటాలు 11,781 రూపాయలకు అమ్మవలసి వచ్చిందనుకుందాం. 20 క్వింటాళ్లకు వచ్చేది 2,35,620. ఖర్చు పోను మిగిలేది 10,620. పైకి చూస్తే రైతు నష్టపోలేదు, పది వేలు మిగిలాయి. కాని పొద్దుతిరుగుడు వేసి ఉంటే 30 వేలు మిగిలేవి. కనుక అసలు లెక్కలో అతను 19 వేలకు పైగా పోగొట్టుకున్నాడు. మిగిలిన డబ్బుతో ఒక క్వింటాలు నూనె కూడా రాదు. 75 కిలోల దగ్గర ఆగిపోతుంది.

ఈ ఉదాహరణలో 11,781 అన్న అంకె మాత్రం ఊహించినది కాదు. 2025 ఫిబ్రవరిలో మిరప ధర పతనమైనప్పుడు మార్కెట్ జోక్యం పథకం కింద కేంద్రం ఆంధ్రప్రదేశ్ రైతుకు నిర్ణయించిన ధర అదే. 2 లక్షల 54 వేల టన్నుల వరకు దానిని వర్తింపజేస్తామని ప్రకటించారు. 2023లో 20 వేలు దాటి పలికిన కాయకు రెండేళ్లలోనే ఆ గతి పట్టింది.

రెండు దేశాల కథ

అన్నింటిలో మనకన్నా నేర్పరి అయిన దేశం మన దగ్గర ఏదైనా ఎందుకు కొంటుంది? ఏ పనిలోనూ ముందు లేని దేశానికి వ్యాపారంలో ఏం లాభం? ఈ ప్రశ్నకు 1817లో ఇంగ్లండుకు చెందిన డేవిడ్ రికార్డో అన్న అర్థశాస్త్రవేత్త తన గ్రంథంలో జవాబు చెప్పాడు. ఆయన ఇచ్చిన ఉదాహరణ ఇది.

ఇంగ్లండులో కొంత బట్ట తయారు కావాలంటే 100 మంది ఏడాది పాటు పని చేయాలి. కొంత ద్రాక్షసారా కావాలంటే 120 మంది కావాలి. పోర్చుగల్‌లో అంతే బట్టకు 90 మంది, అంతే సారాకు 80 మంది చాలు. అంటే రెండు పనుల్లోనూ పోర్చుగల్‌దే పైచేయి. అయినా పోర్చుగల్ 80 మందితో సారా చేసి ఇంగ్లండుకు ఇచ్చి బట్ట తెచ్చుకుంటే, సొంతంగా 90 మందితో నేసుకోవడం కన్నా 10 మంది శ్రమ మిగులుతుంది. ఇంగ్లండు 100 మందితో బట్ట నేసి ఇచ్చి సారా తెచ్చుకుంటే 120 మందితో చేసే పని 100 మందితో తీరుతుంది. ఇద్దరూ లాభపడ్డారు. ఎవరు ఎవరికన్నా గట్టివారు అన్నది ఇక్కడ ప్రశ్న కాదు. ఎవరు దేనిని వదులుకుంటే తక్కువ పోతుంది అన్నదే ప్రశ్న. దీనినే తులనాత్మక ప్రయోజనం అన్నారు.

ఊళ్లో మోటార్లు బాగుచేసే మెకానిక్ కలుపు తీయడంలో కూడా అందరికన్నా చురుకైనవాడు కావచ్చు. అయినా తన చేనికి కూలీలను పెట్టి తాను మోటారు దగ్గరే కూర్చుంటాడు. ఒక పూట కలుపు తీస్తే రెండు మోటార్ల బేరం పోతుందని అతనికి తెలుసు. దేశాల మధ్య జరిగేదీ అదే.

నూనె విషయంలో కూడా ఇదే వర్తిస్తుంది. మంచి ఆయిల్ పామ్ తోట హెక్టారుకు 3 నుంచి 4 టన్నుల నూనె ఇస్తుంది. అంటే ఎకరానికి 12 నుంచి 16 క్వింటాళ్లు. మన పొద్దుతిరుగుడు ఎకరం ఇచ్చేది పై లెక్కలో చెప్పిన 3 క్వింటాళ్లే. ఏడాది పొడుగునా వానలు కురిసే ఇండొనేషియా, మలేషియాలకు ఆ తోట కలిసి వచ్చింది. ఎండ, నల్లరేగడి, కాల్వ నీరు ఉన్న ఈ ప్రాంతానికి మిరప కలిసి వచ్చింది.

పుట్టుకతో వచ్చినది కాదు

మిరప మన నేలలో పుట్టిన పంట కాదు. అది అమెరికా ఖండపు మొక్క. 16వ శతాబ్దంలో పోర్చుగీసు వర్తకుల ద్వారా మన దేశానికి వచ్చింది. దానికి ముందు మన కూరల్లో కారం కావాలంటే మిరియమే దిక్కు. కాబట్టి గుంటూరు మిరపకున్న పేరు దేవుడిచ్చిన వరం కాదు, తరాల తరబడి కూడగట్టుకున్నది. 1967లో నాగార్జునసాగర్ కాల్వలకు నీరు వదలడం, లాం ఫారంలో శాస్త్రజ్ఞులు కొత్త వంగడాలు తయారు చేయడం, గుంటూరులో మిర్చి యార్డు, దాని చుట్టూ శీతల గిడ్డంగులు వెలియడం, యడ్లపాడు మండలంలో సుగంధ ద్రవ్యాల పార్కు రావడం, వీటన్నిటి ఫలితమే ఈ ఆధిక్యం.

కూడగట్టుకున్నది చేజారడానికి కూడా ఎంతో కాలం పట్టదు. 2021-22 పంట కాలంలో నల్ల తామర పురుగు వచ్చి పూత మీద పడింది. వేల ఎకరాల్లో చేలు దున్నివేయవలసి వచ్చింది. ఖమ్మం, వరంగల్, బళ్లారి, రాయచూరు, మధ్యప్రదేశ్‌లలో కూడా మిరప సాగు ఉంది. మన ప్రధాన కొనుగోలుదారైన చైనా తన దేశంలోనే మిరప పెద్ద ఎత్తున పండిస్తోంది. కాయలో పురుగుమందు అవశేషాలు ఉన్నా, కల్లంలో తేమ తగిలి బూజు విషం చేరినా కొనే దేశాలు సరుకు వెనక్కి పంపే ప్రమాదం ఉంది. కాబట్టి ఒకప్పుడు లాభించింది గనుక ఎప్పటికీ లాభిస్తుందని అనుకోవడానికి వీలు లేదు.

దేశానికి లాభం, ఎవరికి నష్టం?

రికార్డో లెక్కలో బట్ట మానేసినవాడు మర్నాడే సారా పనిలో చేరిపోతాడు. నిజ జీవితంలో అలా జరగదు. నూనెగింజల రైతు అనుభవమే ఇందుకు తార్కాణం. దేశంలో నూనె కొరత తీర్చేందుకు 1986లో నూనెగింజల సాంకేతిక మిషన్ మొదలైంది. వేరుశనగ, పొద్దుతిరుగుడు, ఆవాలు, సోయా సాగు పెరిగి, 1990ల మొదటికి దేశం తన నూనె తానే దాదాపుగా పండించుకునే స్థితికి వచ్చింది. 1994లో పామొలీన్ దిగుమతికి తలుపులు తెరిచారు. తర్వాత నాలుగేళ్లలో సుంకం 65 శాతం నుంచి 15 శాతానికి దిగింది. ఈనాడు దేశానికి కావలసిన వంట నూనెలో సగానికి పైగా బయటి నుంచే వస్తోంది. ఏటా కోటిన్నర టన్నులకు అటూ ఇటూగా దిగుమతి అవుతోంది. అందుకు లక్ష కోట్ల రూపాయలకు పైగా ఖర్చవుతోంది.

దీనివల్ల పట్టణాల్లో, పల్లెల్లో నూనె కొనుక్కునే పేద ఇంటికి మేలు జరిగిన మాట నిజం. తాలింపుకు చుక్కలు లెక్కపెట్టుకునే రోజులు పోయాయి. కాని అనంతపురం ఎర్రనేలల్లో వేరుశనగ తప్ప మరొక దారి లేని రైతుకు, కాల్వ నీరు లేని మెట్ట రైతుకు ఆ మేలు అందలేదు. వారు వేరుశనగ మాని మిరప వేయలేరు. మిరపకు నీరు కావాలి, లక్షల్లో పెట్టుబడి కావాలి. మొత్తం మీద దేశానికి మిగిలిన లాభంలో నష్టపోయిన వారికి వాటా ఇస్తే తప్ప ఈ వ్యాపారం అందరికీ లాభమని చెప్పడం సబబు కాదు.

మిరప పండించే ఊళ్లలో కూడా లాభం అందరికీ ఒకే తీరుగా చేరడం లేదు. పల్నాడులో కౌలు మీద మిరప సాగు చేసేవారు ఎక్కువ. మిరపకు ధర వచ్చిన మరుసటి ఏడే కౌలు పెరుగుతుంది. ఆ ఏడు ధర పడిపోతే మాత్రం ముందుగా మాట్లాడుకున్న కౌలు తగ్గదు. పై ఉదాహరణలో 40 వేలు కౌలు అనుకుంటే, 11,781 ధరకు అమ్మిన కౌలుదారు చేతి నుంచి 29 వేలకు పైగా పడుతుంది. ధర పెరిగినప్పుడు లాభం భూయజమానికి, ధర పడినప్పుడు నష్టం కౌలుదారుకు అన్నట్టు ఉంది పరిస్థితి.

తలుపు మూసుకుంటే

వ్యాపారం వల్ల లాభం రావాలంటే అమ్మే తలుపు, కొనే తలుపు రెండూ తెరిచి ఉండాలి. గడచిన కొన్నేళ్లలో రెండూ మూసుకుపోవడం జిల్లా ప్రజలు చూశారు. 2020 మొదట్లో చైనాలో కరోనా వ్యాపించగానే తేజ రకానికి గిరాకీ ఆగి యార్డులో ధర పడింది. 2022 ఫిబ్రవరిలో రష్యా ఉక్రెయిన్‌పై దాడికి దిగడంతో నల్లసముద్రపు రేవుల నుంచి పొద్దుతిరుగుడు నూనె రాక నిలిచింది. మన దేశం అప్పటి వరకు ఆ నూనెలో ఎక్కువ భాగం ఉక్రెయిన్ నుంచే కొంటూ వచ్చింది. అదే ఏడాది ఏప్రిల్ 28న ఇండొనేషియా తన ప్రజలకు నూనె చాలడం లేదని పామాయిల్ ఎగుమతిని నిషేధించింది. మే 23న నిషేధం ఎత్తివేసినా ఈలోగా అంగళ్లలో నూనె ధర మండిపోయింది.

2024-25లో మరొక రకం దెబ్బ తగిలింది. దేశం నుంచి మిరప ఎగుమతి పరిమాణం పెరిగింది. వచ్చిన డబ్బు మాత్రం అంతకు ముందు ఏడాది కన్నా తగ్గింది. ఎక్కువ సరుకు ఇచ్చి తక్కువ డబ్బు తెచ్చుకున్నాం. ధర బాగున్న ఏడు చూసి అందరూ మిరప వేయడం, కాయ గుట్టలు పడగానే ధర పడిపోవడం, మరుసటి ఏడు అందరూ మానేయడం రివాజుగా మారింది.

ప్రభుత్వ విధానాలు కూడా నిలకడగా లేవు. 2024 సెప్టెంబరులో ముడి నూనెల దిగుమతి సుంకాన్ని సెస్సులతో కలిపి 5.5 శాతం నుంచి 27.5 శాతానికి పెంచారు. నూనెగింజల రైతు సంతోషించాడు. 2025 మే నెలాఖరులో దానిని 16.5 శాతానికి తగ్గించారు. కొనుగోలుదారుడు సంతోషించాడు. ఖరీఫ్ విత్తనాలకు సిద్ధమయ్యే వేళ ఆ మార్పు రావడంతో, పెరిగిన సుంకాన్ని చూసి పొద్దుతిరుగుడో వేరుశనగో వేద్దామనుకున్న రైతు లెక్క మాత్రం తారుమారైంది.

పద్దుకెక్కని ఖర్చు

ఈ మొత్తం లెక్కలో ఎవరూ రాయని ఖర్చు ఒకటి ఉంది. పల్నాడు మిరప కోతలకు ఏటా కర్నూలు జిల్లా పడమటి మండలాలైన కోసిగి, మంత్రాలయం, పెద్దకడబూరు, ఆదోని ప్రాంతాల నుంచి కుటుంబాలకు కుటుంబాలే తరలి వస్తాయి. దీనిని వారు సుగ్గికి పోవడం అంటారు. వర్షాధారపు చేలు కోతలైపోయి అక్కడ పని దొరకని నెలల్లో ఇక్కడ చేతినిండా పని ఉంటుంది. వారు ఊళ్లో ఉండిపోతే వచ్చేది తక్కువ గనుక ఇక్కడికి రావడం వారికి లాభమే. వారు రాకపోతే చేలో కాయ పండి రాలిపోయి మిరప రైతుకు నష్టం. ఇది కూడా ఇద్దరికీ లాభించే వ్యాపారమే.

అయితే తల్లిదండ్రుల వెంట పిల్లలు కూడా వస్తున్నారు. చేల పక్కన వేసిన పరదా గుడారాల్లో చంటిపిల్లలను చూసుకుంటూనో, కాయలు ఏరుతూనో ఆ నెలలు గడిచిపోతాయి. తిరిగి ఊరు చేరేసరికి బడిలో పాఠాలు ముందుకు పోయి ఉంటాయి. కొందరు మళ్లీ బడి గడప తొక్కరు. వలస వెళ్లే వారి పిల్లల కోసం సొంత ఊళ్లలో సీజనల్ హాస్టళ్లు పెట్టే ఏర్పాటు ఉంది. అయినా పసిపిల్లలను చూసుకునేవారు లేక ఎదిగిన ఆడపిల్లలను వెంట తీసుకుపోయే కుటుంబాలు ఉన్నాయి. ఆ పిల్ల వదులుకున్న చదువు కూడా క్వింటాలు మిరప ఖర్చులో భాగమే. అది యార్డులో ఏ చీటీ మీదా కనబడదు.

చేయవలసింది ఏమిటి?

ఎగుమతులు మానుకొని ఎవరి ఊరికి కావలసినది ఆ ఊరే పండించుకోవాలని ఎవరైనా అంటే అది నష్టపు బేరమే అవుతుంది. మిరప వల్ల ఈ ప్రాంతంలో పెంకుటిళ్లు డాబాలైన సంగతి, పిల్లలు పెద్ద చదువులకు పోయిన సంగతి అందరికీ తెలిసినదే. అలాగని ఉన్న భూమినంతా ఒకే కాయకు, ఒకే దేశపు గిరాకీకి అప్పగించడం కూడా వివేకం అనిపించుకోదు.

రైతు మట్టుకు నారు పోయక ముందే రెండో పద్దు రాసుకోవడం అవసరం. గత ఏడు ధర చూసి కాదు, గత నాలుగైదేళ్లలో అతి తక్కువ ధర పలికిన ఏడు చూసి మిరప ఎంత మిగిల్చేదో, అదే చేలో శనగ, జొన్న, మొక్కజొన్న, పొద్దుతిరుగుడు ఎంత మిగిల్చేవో పక్కపక్కన వేసి చూసుకోవాలి. కౌలుదారైతే కౌలును కూడా కలుపుకోవాలి. ఆ లెక్కలో మిరప తేలని చోట కొంత భూమిని వేరే పంటకు మళ్లించడం క్షేమం. కల్లంలో పట్టాలు పరిచి ఎండబెట్టడం, తాలుకాయ వేరు చేయడం, మోతాదు మించి మందులు కొట్టకపోవడం వంటి జాగ్రత్తలు తీసుకుంటే కొనే దేశం తలుపు మూసే అవకాశం తగ్గుతుంది.

ప్రభుత్వం మట్టుకు మూడు పనులు చేయవలసి ఉంది. నూనెల సుంకం ఎంత ఉండబోయేదీ విత్తనాలకు ముందే చెప్పి, పంట చేతికి వచ్చేదాకా మార్చకుండా ఉంచడం మొదటిది. మార్కెట్ జోక్యం ధరను కాయ యార్డుకు రాకముందే ప్రకటించి, కౌలుదారు పేరున కూడా అమలు చేయడం రెండోది. 2025లో ఆ నిర్ణయం కాయ యార్డుకు రావడం మొదలైన తర్వాత వెలువడింది. ఇక మూడోది వలస పిల్లలకు సంబంధించినది. కర్నూలులో హాస్టళ్లు కోతల కాలమంతా నడవాలి. వెంట వచ్చేసిన పిల్లలను పల్నాడులో ఏ ఊళ్లో దిగితే ఆ ఊరి బడిలో చేర్చుకోవాలి. పసిపిల్లలకు అంగన్‌వాడీ చూపించాలి. ఈ చివరి పనికి ఢిల్లీ దాకా పోనక్కరలేదు. కోతలు మొదలయ్యే ముందు రెండు జిల్లాల విద్యాశాఖ అధికారులు కూర్చుని ఏ మండలం నుంచి ఎందరు వస్తున్నారో జాబితా ఇచ్చిపుచ్చుకుంటే సరిపోతుంది.